బాబాయి టేకు గిటారు: నెక్-త్రూ మెడలో ట్రస్ రాడ్ వేసిన డైరీ

కొలతలు

గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 4.5 మి.మీ. ఉంది. లావు తీగకి 2, సన్న తీగకి 1.6 ఉంటే వేళ్లకి సుఖం. బాబాయి ఈ గిటారు మీద ఐదో ఫ్రెట్ దాటి చెయ్యి జరపడం ఎందుకు మానేశాడో ఇప్పుడు అర్థమైంది. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జిని దించుదామంటే అది ఎప్పుడో అడుక్కి చేరిపోయింది.

స్టీలు స్కేలుని ఫ్రెట్ల మీద నిలువుగా పెట్టి చూశాను. తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు మెడ నడుము స్కేలుకి 1.6 మి.మీ. కిందికి దిగి ఉంది. తీగలు పూర్తిగా వదిలేసినా 0.7 అలాగే ఉంది. అంటే వంపులో కొంత తీగల లాగుడు, కొంత చెక్కకి అలవాటైపోయినది. 648 మి.మీ. స్కేలు (మోగే తీగ పొడవు) మీద 10-46 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ 10, లావు తీగ 46) మామూలు శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 46 కిలోల బలంతో లాగుతాయి. రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి. టేకైనా లొంగుతుంది.

ఈ గిటారు ఏ కంపెనీదీ కాదు. 1980ల్లో బాబాయి పెళ్లిళ్లకీ వినాయక చవితి పందిళ్లకీ ఆర్కెస్ట్రాతో తిరిగే రోజుల్లో విజయవాడ వన్‌టౌన్‌లో ఒక వడ్రంగి చేసిచ్చాడు. బాబాయి పత్రికలో వచ్చిన బొమ్మ ఒకటి చూపించాడట. ఆయన ఒక టేకు పలక తీసుకుని తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా కోసి, రెండు పక్కలా రెక్కలు అతికించాడు. నెక్-త్రూ అంటే ఇదే. రికెన్‌బ్యాకర్ 4000 బేస్ 1957లో ఈ కట్టుతోనే వచ్చింది. గిబ్సన్ ఫైర్‌బర్డ్ 1963లో వచ్చింది, దాని నడిమి చెక్క మహాగని, వాల్‌నట్ కలిపి తొమ్మిది పొరలు. మనాయన ఒక్క టేకు ముక్కతో సరిపెట్టాడు.

ఈ కట్టుతో చిక్కు ఒకటుంది. బోల్టుల మెడ పాడైతే నాలుగు స్క్రూలు విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. అతికించిన మెడనైనా ఆవిరి పట్టించి ఊడదీయొచ్చు. ఇక్కడ ఊడదీయడానికి మెడ విడిగా లేదు, మెడే గిటారు. ఏం చేసినా రెక్కలు అంటుకుని ఉండగానే చెయ్యాలి.

ఫింగర్‌బోర్డుని (ఫ్రెట్లు కొట్టిన, మెడ మీది పలకని) చిత్రిక పట్టి సమం చేసి కొత్త ఫ్రెట్లు కొడితే తేలిగ్గా అయిపోతుందని ఒక మిత్రుడు అన్నాడు. ఈ వేసవికి అయిపోతుంది, నిజమే. వానలు పడి చెక్క తేమ పీల్చుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. వీణ అయితే దండి కాస్త కదిలినా మైనం కరిగించి మెట్లు మళ్లీ కూర్చుకుంటారు. గిటారు ఫ్రెట్లు చెక్కలో దిగగొట్టినవి, వాటిని సర్దలేం. కాబట్టి సర్దుకునేది మెడలోపలే ఉండాలి. తిప్పి మెడ వంపు సర్దుకోగలిగే కడ్డీ, అంటే ట్రస్ రాడ్, వెయ్యాల్సిందే.

లోపల ఏముంది?

ఊడదీసే ముందు ఒక చిన్న పరీక్ష. పాత ఇయర్‌ఫోన్‌లోంచి తీసిన అయస్కాంతం ముక్కకి దారం కట్టి ఫింగర్‌బోర్డు మీద వేలాడదీసి మెల్లగా జరిపాను. ఫ్రెట్లు ఎలాగూ ఇనుము జాతివి కాబట్టి ప్రతి ఫ్రెట్ దగ్గరా గుంజుతుందేమో అనుకున్నా, ఇవి నికెల్-సిల్వర్ ఫ్రెట్లు, అయస్కాంతానికి అంటవు. మొదటి ఫ్రెట్ దాటగానే దారం నడుమకి వాలింది. పదిహేనో ఫ్రెట్ దాటాక మళ్లీ నిటారుగా వేలాడింది. అంటే లోపల ఇనుప కడ్డీ ఏదో ఉంది.

బాబాయికి ఫోన్ చేశాను.

"లోపల ఇనుము పెట్టించావా బాబాయ్?"

"ఏమోరా, అదంతా మేస్త్రీయే చూసుకున్నాడు. జాగ్రత్తరా, గుండీలు పోగొట్టకు."

గుండీలంటే ఫింగర్‌బోర్డు మీద చుక్కలు. ఆల్చిప్పతో చేసిన చొక్కా గుండీలని సగం మందానికి అరగదీసి పొదిగాడు. దగ్గరగా చూస్తే ఒక్కోదాంట్లో దారం ఎక్కించే నాలుగు చిల్లులు కనిపిస్తాయి, వాటిని నల్ల లక్కతో నింపాడు. ఇంత ఓపిక ఉన్న మనిషి లోపలి పని ఎలా చేసుంటాడో చూడాలని నాకూ ఆత్రంగానే ఉంది.

ఫింగర్‌బోర్డు ఊడదీయడం

మళ్లీ అతికించేటప్పుడు ఫింగర్‌బోర్డు అర మి.మీ. జరిగినా స్కేలు పోతుంది, ఆపైన శ్రుతి ఎప్పటికీ కుదరదు. అందుకని ముందే గుర్తులు పెట్టుకోవాలి. మొదటి ఫ్రెట్, పంతొమ్మిదో ఫ్రెట్ పీకేసి ఆ గాడుల్లో అంచుకి దగ్గరగా 1.5 మి.మీ. డ్రిల్లుతో మెడలోకి దిగేలా చిల్లులు వేశాను. తర్వాత ఫ్రెట్ మళ్లీ కొడితే దాని టోపీ కింద చిల్లు దాక్కుంటుంది. నడుమన వెయ్యలేదు, అక్కడ ఇనుముందని అయస్కాంతం చెప్పింది కదా.

ఎముక నట్ (తల దగ్గర తీగలు ఆనే ముక్క), పికప్‌లు (తీగల మోతని కరెంటుగా మార్చేవి), బ్రిడ్జి అన్నీ తీసేశాను. బాడీ పాలిష్ మాడకుండా వంటింటి అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు పరిచాను. ఇస్త్రీపెట్టెని మధ్యస్థం వేడిలో పెట్టి, బాడీ వైపు చివర ఆనించాను. ఫ్రెట్లు వేడిని లోపలికి లాక్కుపోతాయి, అదే మనకి కావలసింది. కాసేపటికి పల్చటి పుట్టీ బ్లేడు దూర్చితే అంచు దగ్గర జిగురు మెత్తబడి బంకలా సాగింది. ఫెవికాల్ జాతి తెల్ల జిగురే. ఎపాక్సీ కాకపోవడం నా అదృష్టం.

ఇక్కడి నుంచి తొందరపడితే పని చెడుతుంది. పెట్టెని ఒక ఫ్రెట్ మేర జరపడం, ఆగడం, బ్లేడుని ఒక వేలెడు తొయ్యడం. తొమ్మిదో ఫ్రెట్ దగ్గర టేకు నార కిందికి దిగుతోంది. బ్లేడు ఆ దారే పట్టి చిన్న పొరని లేపింది. వెంటనే అక్కడ ఆపి, అవతలి చివర నుంచి వేడి చేస్తూ వచ్చి కలిశాను. లేచిన పొరని తర్వాత అతికించేశాను, ఎలాగూ ఫింగర్‌బోర్డు కిందికి పోయేదే. వేడెక్కిన రోజ్‌వుడ్ వాసన సాయంత్రం దాకా గదిలో ఉంది. గుండీలు ఒక్కటీ ఊడలేదు, బాబాయికి ఫొటో పంపాను.

మేస్త్రీ పెట్టిన కడ్డీ

లోపల 12 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఇనుప ఫ్లాట్ ఉంది. రెడ్ ఆక్సైడ్ పూసి, రంపపు పొట్టు కలిపిన జిగురులో పడుకోబెట్టాడు. తీసి ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ షాపాయనకి చూపిస్తే చేత్తో రెండు పక్కలా పట్టుకుని వంచి నవ్వాడు.

"దీన్ని పడుకోబెట్టారేంటండీ? నిలబెట్టాలి కదా!"

ఆయన అన్నది లెక్కకి కూడా నిలుస్తుంది. వంగకుండా ఆపే శక్తి ఎత్తుకి ఘనంగా పెరుగుతుంది, వెడల్పుకి మామూలుగానే పెరుగుతుంది. ఈ ఫ్లాట్‌నే నిలబెట్టి ఉంటే 16 రెట్లు గట్టిగా ఉండేది. అయితే నాకు మేస్త్రీ మీద చిన్నచూపు కలగలేదు. మొదటి ఫ్రెట్ దగ్గర టేకు మందం 16 మి.మీ. ఫ్లాట్‌ని నిలబెట్టాలంటే 12 లోతు గాడి తియ్యాలి, కింద మిగిలేది 4. మెడ విరుగుతుందేమోనని ఆయన భయపడి ఉంటాడు, నేనైనా భయపడతాను.

పైగా మెడలో ఇనుము పెట్టి వదిలేయడం పెద్దవాళ్లు కూడా చేసిన పనే. గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ తిప్పి సర్దుకునే రాడ్‌కి 1923లోనే పేటెంట్ సంపాదించాడు. మార్టిన్ కంపెనీ మాత్రం 1934 నుంచి టీ ఆకారపు స్టీలు కడ్డీ, 1967 నుంచి చదరపు గొట్టం వాడుతూ, 1985లో గానీ సర్దుకునే రాడ్‌కి మారలేదు. టీ కడ్డీలో ఒక కాలు నిలువుగా ఉంటుంది చూడండి, బలం అక్కడుంది.

ఎటువైపు నుంచి తిప్పాలి

పనంతటిలో నేను ఎక్కువసేపు తేల్చుకోలేకపోయింది ఇదే. రాడ్ కొనకముందే తేలాలి, ఎందుకంటే తల వైపు తిప్పేదాని కొస వేరు, బాడీ వైపు తిప్పేదాని కొస వేరు.

తల వైపు అయితే ఎల్-కీ తేలిగ్గా దూరుతుంది, చాలా గిటార్లలో అలాగే ఉంటుంది. కానీ ఈ తల వెనక్కి వాలి ఉంది, అదీ అదే పలకలోంచి కోసినది. వాలు కోసిన చోట టేకు నార పొడుగ్గా సాగదు, అడ్డంగా తెగిపోయి ఉంటుంది. గిటారు కింద పడితే మొదట విరిగేది ఎముక నట్ వెనకాల ఉండే ఆ చోటే. అక్కడ కీ కోసం గుంట తవ్వడానికి నాకు మనసొప్పలేదు.

బాడీ వైపు చూస్తే ఫింగర్‌బోర్డు అంచుకీ పికప్‌కీ మధ్య 22 మి.మీ. ఖాళీ ఉంది. అక్కడ చెక్క మందం 40 మి.మీ., ఎంత తవ్వినా ఏమీ కాదు. స్పోక్ వీల్ ఉన్న రాడ్ తెప్పిస్తే, ఆ చిన్న చక్రం చిల్లులో సన్న కడ్డీ పెట్టి, తీగలు బిగించి ఉండగానే తిప్పుకోవచ్చు. దేన్నీ విప్పక్కర్లేదు. నెక్-త్రూకి ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం, తల వైపు రాడ్ ఉన్న మంచి నెక్-త్రూ గిటార్లు బోలెడున్నా సరే.

రాడ్ రకం విషయంలో తర్జనభర్జన లేదు. రెండు వైపులా పనిచేసే డ్యూయల్ యాక్షన్. పాత పద్ధతి ఒంటి రాడ్‌కి వంపు గాడి కావాలి, అది మెడని వెనక్కే లాగగలదు. డ్యూయల్ యాక్షన్‌కి తిన్నటి గాడి చాలు, మెడని ముందుకి కూడా తోస్తుంది. నేను తెప్పించినది 460 మి.మీ. పొడవు, 6 వెడల్పు, 9 ఎత్తు. ఎముక నట్‌కి 10 మి.మీ. ఇవతలే మొదలవుతుంది కాబట్టి బలహీనమైన చోటు జోలికి పోదు. మెడ బాడీలో కలిసేది పదహారో ఫ్రెట్ దగ్గర, అంటే 390 మి.మీ. దగ్గర. ఆ తర్వాత బాడీలో ఉన్న భాగం వంగదు, అక్కడ రాడ్ ఊరికే చక్రాన్ని బయటికి చేర్చడానికే.

గాడి

ముందు పాత గాడిని పూడ్చాలి. సామిల్లులో టేకు బద్ద ఒకటి కోయించి, నార పొడవునా ఉండేలా చూసుకుని, అతికించి, సమం చేశాను. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. మధ్యమధ్యలో సానపట్టుకుంటూ చిత్రిక పట్టాను. పనిలో పనిగా చెక్కకి అలవాటైన ఆ 0.7 వంపు కూడా పోయింది. మెడ రెండు కొసల దగ్గరా కాస్త కాస్త తీశాను, తల దగ్గర అర మి.మీ. తగ్గింది. ఇప్పుడక్కడ 15.5. అందులో 9 పోతే 6.5 మిగులుతుంది. సరిపోతుంది.

విడి మెడ అయితే బల్లకి బిగించి అంచు గైడుతో ట్రిమ్మర్ (గాడి తీసే కరెంటు మిషను) తోసేస్తాం. ఇక్కడ మెడ పక్కలు వాలుగా ఉన్నాయి, కిందేమో గుండ్రం, ఒక కొసకి రెక్కలు, రెండో కొసకి వాలు తల. గైడు ఆనడానికి తిన్నటి అంచు ఎక్కడా లేదు. కిటికీలకి వాడే అల్యూమినియం సెక్షన్లు రెండు సమాంతరంగా బిగించి పట్టాల్లా చేసి, ట్రిమ్మర్ అడుగు ఆ రెంటి మధ్య అటూ ఇటూ కదలకుండా సరిగ్గా జారేలా చూసుకున్నాను. బాడీ వైపు ఆ పట్టాలు రెక్కల మీదే కూర్చున్నాయి, నెక్-త్రూ వల్ల కలిసొచ్చింది అదొక్కటే. తల వైపు వాటికి విడిగా కాళ్లు పెట్టాను. మెడ కింద, వీపు ఆకారానికి కోసిన థర్మోకోల్ మీద గుడ్డ పరిచి ఆనించాను.

మధ్యగీత కోసం ఎముక నట్ నడుమ నుంచి బ్రిడ్జి నడుమకి నల్ల దారం లాగి కట్టి, కింద పెన్సిలుతో గీశాను. 6 మి.మీ. బిట్, ఒక్కో విడతకి 2 మి.మీ. లోతు. ఆఖరి ఒక్క మి.మీ.కి ముందు రాడ్ పెట్టి చూసి, లోతు సరిచేసుకుని దించాను. గాడి 9 దాటకూడదు. రాడ్ వీపు ఫింగర్‌బోర్డుకి ఆనాలి, మధ్యలో ఖాళీ ఉంటే తిప్పిన మొదటి చుట్టు వృథా, పైగా లావు తీగ మీటినప్పుడల్లా లోపల గిలగిలమని చప్పుడు. టేకు పొడి ముక్కులోకి పోతే మంట, మాస్కు లేకుండా ఈ పని వద్దు. చక్రం కోసం ఫింగర్‌బోర్డు అంచు దాటాక 16 మి.మీ. వెడల్పు గుంట డ్రిల్లుతో తీసి ఉలితో చదును చేశాను.

రాడ్‌ని చేత్తో నొక్కితే దిగాలి, గిటారు తిరగేస్తే జారి పడకూడదు. అలాగే కుదిరింది.

అతికించడం

రాడ్ పెట్టేముందు ఒక సంగతి చూసుకోవాలి. రాడ్‌ని బల్ల మీద పెట్టి చక్రం కుడివైపు తిప్పితే నడుము పైకి లేవాలి. అలా లేచే వైపు ఫింగర్‌బోర్డు వైపుకి రావాలి. తిరగేసి పెడితే బిగించినప్పుడల్లా మెడ ఇంకా ముందుకి వంగుతుంది. ఒకసారి అతికించాక సరిచేయాలంటే మళ్లీ ఇస్త్రీపెట్టే. పరీక్ష అయ్యాక చక్రాన్ని అటూ ఇటూ బిగువు లేని చోట వదిలాను. కొసల దగ్గర మాత్రం రవ్వంత సిలికాన్ పెట్టాను, చప్పుడు రాకుండా.

టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు అసిటోన్ గుడ్డతో తుడవాలి, తుడిచిన వెంటనే అతికించాలి, ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి వస్తుంది. రోజ్‌వుడ్‌కీ అంతే. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి, 6 మి.మీ. పల్చటి ఫింగర్‌బోర్డు ఆ తడికి ముడుచుకుంటుందని అనుమానం వచ్చి, మెల్లగా గట్టిపడే అరాల్డైట్ వాడాను. గాడి మీద సన్నటి మాస్కింగ్ టేపు అంటించి, ఆ పైన జిగురు రాసి, టేపు పీకేశాను. గాడికి అటూ ఇటూ జిగురు, రాడ్ మీద చుక్క లేదు.

చిల్లుల్లో చిన్న మేకులు దూర్చగానే ఫింగర్‌బోర్డు టక్కున పాత చోటికే వచ్చి కూర్చుంది.

బిగింపుకి సైకిల్ ట్యూబుని మించింది లేదు. పొడుగ్గా చీల్చిన ట్యూబుని మెడ చుట్టూ లాగి లాగి చుడితే ప్రతి అంగుళం మీదా ఒకేలా నొక్కుతుంది. కానీ పదహారో ఫ్రెట్ దాటాక రెక్కలు అడ్డం, ట్యూబు చుట్టడానికి వీల్లేదు. అక్కడ ఫింగర్‌బోర్డు వంపుకి సరిపడా చెక్క ముక్క కోసి, రెండు జీ-క్లాంపులు వేశాను. క్లాంపు బాడీ వెనక పాలిష్‌ని నొక్కకుండా మధ్యలో పాత చెప్పు అడుగు ముక్క.

మర్నాటి దాకా ముట్టుకోలేదు. టెన్షన్ మాత్రం ఉంది.

తీగలు ఎక్కించాక

పీకిన రెండు ఫ్రెట్లు తిరిగి కొట్టి, ఎముక నట్ పెట్టి, 10-46 సెట్టు శ్రుతి చేశాను. రాడ్ ఇంకా తిప్పలేదు. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) వేసి, ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర ఖాళీ కొలవాలి. దానికి ఫీలర్ గేజ్ కావాలి. బైకు ట్యాపెట్లు సెట్ చేసేదే, ఆటోనగర్‌లో ఏ స్పేర్‌పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. 0.9 మి.మీ. వచ్చింది. మెడ చిత్రిక పట్టడం వల్లే సగం వంపు పోయింది, మిగతాది తీగల లాగుడు.

చక్రం కుడివైపు పావు చుట్టు. ఇంకో పావు. చెయ్యికి తగిలే బిగువు మారింది, చిన్న కిర్రు కూడా వినిపించింది, కొత్త రాడ్ చెక్కలో సర్దుకునేటప్పుడు అది మామూలే. శ్రుతి పెరిగింది, మళ్లీ సరిచేశాను. మెడ వెనక్కి పోతే తీగ బిగుస్తుంది కాబట్టి ప్రతి సర్దుబాటు తర్వాతా శ్రుతి చేసి కొలిస్తేనే ఆ కొలత నిజం. 0.4 వచ్చాక ఆపేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున 0.35. ఇంకో చిన్న జరుపుతో 0.25. అక్కడ చాలు. మెడని పూర్తిగా తిన్నగా చేయకూడదు, తీగ ఊగడానికి ఆ మాత్రం చోటు కావాలి.

బ్రిడ్జిని ఇప్పుడు పైకి ఎత్తాల్సి వచ్చింది! లావు తీగ 2, సన్న తీగ 1.7. పద్నాలుగో ఫ్రెట్ ఒకటి కాస్త ఎత్తుగా ఉండి సన్న తీగ బిగబట్టినట్టు మోగుతోంది. ఫ్రెట్లు సమం చేసే పని మిగిలింది, అది వేరే కథ. చక్రం గుంట మీద మూత కూడా చెయ్యాలి, పాత ఫ్లాట్ ముక్కనే కోసి పాలిష్ పెడదామా అని చూస్తున్నాను.

బాబాయి వచ్చి కూర్చుని పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక గమకం లాగాడు. ఏమీ అనలేదు, ఇంకోటి లాగాడు. తర్వాత అడిగాడు:

"ఒరేయ్, ఇప్పుడు పదకొండు సెట్టు వేసుకోవచ్చా? ఆ రోజుల్లో లావు తీగలే వాయించేవాళ్లం."

"వేసుకోవచ్చు బాబాయ్, రాడ్ ఉంది. కానీ ముందు ఈ పదులతో ఒక వానాకాలం చూద్దాం. తేడా వస్తే చక్రం తిప్పే ఈ సన్న కడ్డీతో పావు చుట్టు, అంతకు మించి ఒకేసారి తిప్పొద్దు."

కడ్డీని కేసులో జేబుకి దారంతో కట్టి ఇచ్చాను, పోగొడతాడని.